నా జాబితాలో లేని డెబ్బై ఒక్క కిలోలు

ఆ శనివారం పొద్దున మా మార్కాపురం షోరూంలో ఉన్నవాళ్లు, ఉన్నవి: అమ్మకానికి పద్నాలుగు మోటారుసైకిళ్లు, ఆరు స్కూటర్లు, ఓనరు, ఆయన కుర్చీ, ఆయన పక్కన నిమ్మకాయల బుట్ట, మేమంతా బావా అని పిలిచే సీనియర్ సేల్స్‌మన్, వెనక షెడ్డులో పెద్ద మెకానిక్, ఆ రోజు డెలివరీలు సుద్దముక్కతో రాసిపెట్టిన ఒక పలక, అట్టకు క్లిప్పు పెట్టి బిగించిన జాబితాతో నేను, అర్ధవీడు వైపు పల్లె నుంచి ఒకే ఆటోలో దిగిన తొమ్మిదిమంది. ఆ తొమ్మిదిమందిలో బండి నడపబోయేది ఒక్కతే. ఇంకా ఒక మేకపిల్ల. అది ఎవరిదో సాయంత్రం దాకా తేలలేదు.

పాలిటెక్నిక్ నుంచి కొత్తగా షోరూముల్లో చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అమ్మకాల ఉద్యోగం నుంచి నేను ఇరవై తొమ్మిదో ఏట విరమణ తీసుకున్నాను. విరమణ అనే మాటకు మా బావ ఒప్పుకోడు. "పారిపోయినాడు అని రాయి" అంటాడు. ఇప్పుడు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకోవడం నేర్పుతున్నాను గనక, రెండు మాటల్లో ఏది సరైందో మీరే తేల్చుకోండి.

ముందు నా జాబితా గురించి చెప్పాలి. డిప్లొమా చేతికొచ్చిన వేడిలో, కొనడానికి వచ్చేవాళ్లకు ఏ బండి సరిపోతుందో తేల్చడానికి ఇరవై మూడు అంశాల పట్టిక ఒకటి తయారు చేశాను. మనిషి ఎత్తు, కాలి లోపలి కొలత, బరువు, చేతి పట్టు, సీటు ఎత్తు, బండి బరువు, క్లచ్చు గట్టిదనం, ఇట్లా. ఒక్కో అంశానికి ఐదు మార్కులు. మొత్తం కూడితే సమాధానం వస్తుంది. మా బావకు పట్టిక లేదు. ఆయన మనిషి చెప్పుల వంక చూసి, "నీకు ఆ మూలదే" అనేవాడు. అమ్మకాల్లో నాకంటే మూడింతలు ముందుండేవాడు. అది పద్ధతి కాదని నేను ఆయనకు రెండేళ్లపాటు నచ్చజెప్పాను.

ఇక ఆ అమ్మాయి. వయసు ఇరవై రెండు. పశుసంవర్ధకంలో డిప్లొమా చేసి, పశువుల ఆసుపత్రి డాక్టరు కింద సహాయకురాలిగా కొత్తగా చేరింది. వాళ్ల నాయన గొర్రెల కాపరి. ఆమె ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. బరువు ఎంతో ఆమెకే తెలియకపోతే, పక్కనున్న ఎరువుల దుకాణానికి తీసుకెళ్లి కాటా మీద నిలబెట్టాను. ముప్పై తొమ్మిది. దుకాణదారు కళ్లజోడు సర్దుకుని, "యూరియా మూటకు ఆరు కిలోలు తక్కువ" అని గట్టిగా ప్రకటించాడు. వీధి మొత్తం విన్నది.

మేం తిరిగి వచ్చేసరికి మిగతా ఎనిమిదిమంది బండి ఎంచేశారు.

మా వైపు కొనేది ఒకరైతే ఎంచేది ఇంటిల్లిపాది. ఒక్కొక్కరూ ఎక్కి కూర్చోవాలి, హారన్ కొట్టాలి, అద్దంలో ముఖం చూసుకోవాలి, దిగి టైరును కాలితో తన్నాలి. ఆ రోజు అందరిలోకీ గట్టిగా తన్నింది ఆమె మేనమామ. ఆరడుగుల మనిషి. షోరూంలో ఉన్నవాటిలోకెల్లా బరువైన బండిలాంటిదే ఆయనకూ ఒకటి ఉంది. ఆ బండి మీదే ఇప్పుడు ఆయన చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇదే" అన్నాడు. "మనిషి తేలికైతే బండి బరువుండాల. రెండూ తేలికైతే ఏమైతాది? నల్లమల గాలికి ఎగిరిపోయి గిద్దలూరులో పడతాది పిల్ల."

ఎనిమిది తలలు ఊగాయి. ఆ కుటుంబంలో ఇది సైన్సు. గాలివాన రోజున గొర్రెల దొడ్డి తడికె మీద రాళ్లు పెట్టినవాళ్లు కదా, తేలికైనదాన్ని నిలబెట్టాలంటే మీద బరువు వేయాలని వాళ్లకు తెలుసు.

అందరూ కూర్చున్నాక, చివరికి ఆ అమ్మాయిని కూడా ఆ బండి మీద కూర్చోబెట్టారు. రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి. ఒకవైపు మేనమామ, ఒకవైపు అన్న పట్టుకుని నిలబడ్డారు.

"చూడక్కా, రాణి మాదిరి లేదూ?" అన్నాడు మేనమామ ఆమె తల్లితో.

"వదులు మామా, ఒకసారి" అన్నది అమ్మాయి.

"వదిలితే పడతావు."

"అదే చూద్దామని."

ఎవరూ వదల్లేదు. ఇంజిన్ ఆపిన బండిని ఇద్దరు మగవాళ్లు పట్టుకుంటే తప్ప కూర్చోలేని మనిషి, దాన్ని ఎవరూ లేని దారిలో ఎట్లా నడుపుతుందని నేను అడిగాను. మేనమామ నా వంక, నా అట్ట వంక చూసి, "నువ్వెవరు నాయనా, మీటర్ రీడింగా?" అన్నాడు.

అమ్మాయి దిగి నా దగ్గరకు వచ్చి అసలు విషయం చెప్పింది. వచ్చే నెల మొదటి వారంలో గొర్రెలకు పారుడు రోగం టీకాలు. ఆమెకు అప్పగించిన మూడు మందలూ అడవి అంచున ఉంటాయి. మందను దొడ్డి నుంచి తోలకముందే పోయి టీకాలు వేయాలి. తోలారంటే సాయంత్రం దాకా దొరకవు, పెట్టెలో ఐసు కరిగితే మందు చచ్చిపోతుంది. డాక్టరు ఆమెతో ఒకటే మాట అన్నాడట: "ఈ విడతకు నీ అంతట నువ్వు బండి నడుపుకొని మందలకు చేరితే ఫీల్డు నీది. లేకుంటే ఆ పక్కూరి అబ్బాయికిచ్చేస్తా, నువ్వు ఆసుపత్రిలో రిజిస్టరు రాసుకో."

"రిజిస్టరు రాసేదానికి నేను గొర్రె కడుపులో చెయ్యి పెట్టి పిల్లను తీసేది ఎందుకు నేర్చుకున్నానన్నా?" అని అడిగింది.

నాకు పట్టుదల వచ్చింది. ఇక్కడే గమనించండి. కొనేవాళ్ల పట్టుదల మీకు అంటుకుంటే అది మంచిదే. కానీ ఆమె పట్టుదల బండి నడపడం గురించి. నా పట్టుదల నా పట్టిక నెగ్గడం గురించి. రెండూ ఒకటేననుకున్నాను.

పట్టిక ముందు స్కూటరు అన్నది. "చిన్న చక్రాలన్నా. మా దారిలో రాళ్లు ఆ చక్రాలకంటే పెద్దవి" అన్నది అమ్మాయి. కొట్టేశాను. తరువాత కాలి లోపలి కొలత కావాలి. దానికి పద్ధతి ఏమిటంటే, మనిషి గోడకు ఆనుకుని నిలబడాలి, కాళ్ల మధ్య ఒక బల్లపరుపు వస్తువు పైదాకా పట్టుకోవాలి, దాని పై అంచు దగ్గర గోడమీద గీత గీయాలి. దీన్ని ఎనిమిదిమంది బంధువుల ఎదుట నోటితో వివరించడం ఎంత కష్టమో కాలేజీలో ఎవరూ చెప్పరు. నేను డెలివరీల పలక చేతిలోకి తీసుకుని, "ఇది... అంటే... ఇక్కడ..." అని ఆగిపోయాను. బావ నోట్లో రుమాలు కుక్కుకున్నాడు.

ఆమె తల్లి లేచి వచ్చింది. "ఏందో కొలవాల అంటివే, ఆ పలక ఇట్ల ఈ నాయనా, నేను కొలుస్తా" అని, కూతుర్ని స్పేర్ పార్టుల గదిలోకి తీసుకెళ్లింది. వెనకే పిన్నమ్మ, వదిన కూడా దూరి తలుపు వేసుకున్నారు. వాళ్లు వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. లోపలికి పోయి చూస్తే గోడమీద ఒకటి కాదు, నాలుగు గీతలున్నాయి. తల్లి, పిన్నమ్మ, వదిన కూడా కొలుచుకున్నారు. పలక మీద ఆ రోజు డెలివరీలు ఎవరి చీరకో అంటుకుని మాయమయ్యాయి. ఆ రోజు నుంచి షోరూంలో నా పేరు పలకసారు.

అమ్మాయిది అరవై ఆరు సెంటీమీటర్లు. మా దగ్గర ఉన్న తేలికైన మోటారుసైకిలు నూట పది కిలోలు, సీటు డెబ్బై తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు. దానిమీద ఆమె కూర్చుంటే ఒక కాలి మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. నా పట్టికలో పదకొండో అంశం: రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనాలి. ఆనకపోతే సున్నా.

అప్పుడే ఆమె నన్ను ఆ ప్రశ్న అడిగింది.

"అన్నా, ఇది పడితే నేను లేపగలనా?"

"పడదు."

"పడితే?"

"పడని బండే నీకిచ్చేది."

"పడని బండి ఉంటాదా అన్నా?" అని, "ఒకసారి పడేసి చూడనా?" అన్నది.

ఓనరు కుర్చీలోంచి లేచాడు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఆయన లేవడం నేను చూసింది అదే మొదలు. "కొత్త బండ్లమ్మా! పూజ కూడా కాలేదు!" అన్నాడు, నిమ్మకాయల బుట్ట ఒళ్లోకి తీసుకుని. అమ్మాయి నా వంక చూసింది. నేను నవ్వి, అట్ట మీద గీత కొట్టుకున్నాను. 'పడితే లేపగలరా' అనే అంశం నా ఇరవై మూడింటిలో లేదు. లేని అంశానికి మార్కులు ఎట్లా వేస్తాం?

కొనడం అప్పటికి ఆపించి, అదే తేలికైన మోడల్‌లో ఉన్న మా ట్రయల్ బండిని ఆమెకోసం దించుతానని మాట ఇచ్చాను. దించడమంటే ఎత్తు తగ్గించడం. సీటు కుట్టే మనిషి దగ్గర స్పాంజి మూడు సెంటీమీటర్లు కోయించాను. ముందు ఫోర్కులను క్లాంపుల్లో పైకి జరిపాం. వెనక షాక్‌లు తీసేసి, పాత మోడల్‌వి పొట్టివి వేశాం. ఈ పనంతా పెద్ద మెకానిక్ చేతుల మీద జరిగింది. ఆయన వాళ్ల ఊరి చర్చిలో పెద్ద. ఏ బండి బయటికి పోయినా ఓనరు నిమ్మకాయ పెడితే, ఈయన టూల్‌బాక్సు దగ్గర నిలబడి కళ్లు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసేవాడు. ఈ బండికి మాత్రం రెండు నిమిషాలు చేశాడు.

"ఏం మామా, ఎక్కువసేపు?" అని అడిగాను.

"కడుపు నేలకు దగ్గరయింది కదరా. ఎక్కడన్నా ఆనుతాదేమోనని" అన్నాడు.

"నేను లెక్క వేశాను. ఖాళీ సరిపోతుంది."

"నువ్వు లెక్క వేసినావు గనకనే రెండు నిమిషాలు."

నేను నిజంగానే లెక్క వేశాను. బండి, ఆమె, టీకాల పెట్టె ఆరు కిలోలు. అన్నీ కూడాను. ఇంజిన్ కిందనుంచి నేలకు పన్నెండున్నర సెంటీమీటర్లు మిగిలింది. రెండు పాదాలూ బల్లపరుపుగా ఆనాయి. పదకొండో అంశానికి ఐదుకు ఐదు. బండి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాను. ఆ ఫొటో ఇప్పటికీ బావ ఫోన్‌లో ఉంది. నా పెళ్లిలో చూపించాడు.

ఆమె నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్లెల్లార్ తీసుకుంది. అర్ధవీడు నుంచి రోజూ బస్సెక్కి వచ్చి పన్నెండు రోజులు మార్కెట్ యార్డులో నా దగ్గర నేర్చుకుంది. చిన్నప్పుడు నాయన పాత మోపెడ్ నడిపింది గనక బ్యాలెన్సు ఉంది. క్లచ్చు ఒక్కటే కొత్త. మొదటి రోజు ఇంజిన్ పందొమ్మిదిసార్లు ఆగింది, పన్నెండో రోజు ఒక్కసారి. ఆ ఒక్కటీ మిరపకాయల లారీ అడ్డం వచ్చి. ఒక్కసారీ పడలేదు. "చూశావా?" అన్నాను. "యార్డు సిమెంటు కదన్నా" అన్నది. అది పొగడ్త అనుకున్నాను.

టీకాల రోజు ముందు సాయంత్రం బండిని వాళ్ల ఊరికి చేర్చి, మేనమామ ఇంట్లో పడుకున్నాను. నేను ఎందుకు పోయానంటే, ఎల్లెల్లార్ మీద నడిపేవాళ్ల వెనక లైసెన్సు ఉన్నవాడు ఒకడు ఉండాలన్నది నియమం. మేనమామకు లైసెన్సు ఉంది, కానీ ఆ దారిలోకి ఆయన రాడు. "నేనొచ్చేదుంటే నా బండి మీదే రావాల. దాని పెయింటు పోతాది" అన్నాడు. కాబట్టి నియమం పాటించే బాధ్యత నాది. నాకు నియమాలు ఇష్టం.

తెల్లవారి ఐదూ నలభైకి బయలుదేరాం. మంద ఏడింటికి తోలతారు. దూరం ఆరున్నర కిలోమీటర్లు. ఆమె ముందు, పెట్టె ఒళ్లో పెట్టుకుని నేను వెనక. మేనమామ వీధిలో నిలబడి, "జాగ్రత్త పాపా, గాలి ఎక్కువుంది" అన్నాడు. ఆకు కదలడం లేదు.

తారురోడ్డు బాగా జరిగింది. మట్టిరోడ్డు కూడా బాగానే జరిగింది. అద్దంలో ఆమె ముఖం కనిపిస్తుంటే, మూడో గేరు ఎప్పుడు వేయాలో వెనకనుంచి చెబుతూ వచ్చాను. నేను చెప్పకముందే వేసేది. అయినా చెప్పాను. నాలుగున్నర కిలోమీటర్ల తరువాత వాగు వచ్చింది. నీళ్లు లేవు. ఉన్నదంతా పలకరాయి, నిలువునా లేచిన పొరలు పొరలుగా, ఒకటి ఎత్తు ఒకటి పల్లం. మన పిల్లల చేతుల్లో అంత నున్నగా ఉండే రాయి, పుట్టినచోట ఎంత మొండిగా ఉంటుందో అప్పుడు చూశాను.

"అన్నా, గట్టిగా పట్టుకో" అన్నది. దిగింది. మొదటి పొర దాటింది. రెండో పొర మీద కింద గరగరమని శబ్దం వచ్చింది. ఇంజిన్ కడుపు రాతి మీద కూర్చుంది. వెనక చక్రం గాల్లో తిరుగుతోంది. బండి ఎడమకు ఒరిగింది. ఆమె ఎడమకాలు దించింది. అక్కడ నేల లేదు, పల్లం ఉంది.

నేను రెండు పాదాలూ బల్లపరుపుగా ఆనేలా చేసిన మాట నిజం. షోరూం టైల్స్ మీద.

పడ్డాం. ఆమె పిల్లిలా పక్కకు దూకింది. నేను పెట్టెను గుండెకు హత్తుకుని ముళ్లకంపలో కూర్చున్నాను. మందుకు ఏమీ కాలేదు. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

లేచి, "నువ్వు జరుగు" అని హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని లాగాను. కదల్లేదు. నడుము వంచి ఇంకోసారి లాగాను. నడుములో ఏదో టిక్కుమంది, బండి మాత్రం టిక్కుమనలేదు. ఆరూ పదిహేను.

"జరగన్నా" అన్నది.

"నువ్వు లేపలేవు. నూట పది కిలోలు."

"బర్రె ఎంతుంటాది?"

నేను జరిగాను.

ఆమె బండికి ఎదురుగా నిలబడలేదు. వీపు తిప్పి, సీటుకు పిరుదులు ఆనించి గొంతుక్కూర్చుంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి వెనక పట్టీ మీద. నడుము నిలువుగా పెట్టి, మడమలతో నేలను తన్నుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కు వేసింది. నూట పది కిలోలు ఆవలించినట్టు మెల్లగా లేచి నిలబడ్డాయి.

"పడిన పశువును చేతుల్తో లేపరన్నా" అన్నది, చేతులు దులుపుకుంటూ. "మాకు డిప్లొమాలో మొదటి సంవత్సరమే చెప్తారు. మీకు చెప్పరా?"

చెప్పరు.

ఆమె మళ్లీ ఎక్కింది. నేనూ వెనక ఎక్కబోయాను. నేను కాలు వేయగానే బండి కిందికి దిగడం ఆమె చూసింది, నేనూ చూశాను. ఇంజిన్ మళ్లీ రాతిని ముద్దుపెట్టుకుంది. నేను దిగాను. బండి నాలుగు వేళ్లు పైకి లేచింది. ఎక్కాను. దిగింది. దిగాను. లేచింది.

"అన్నా" అన్నది, చాలా మర్యాదగా. "నువ్వెంతుంటావు?"

డెబ్బై ఒకటి.

తమ్ముళ్లారా, బండి లెక్కలో ఆమె ఉంది, పెట్టె ఉంది, పెట్టెలో ఐసు కూడా ఉంది. నియమం ప్రకారం వెనక కూర్చోవాల్సిన మనిషి లేడు. ఆ మనిషిని నేనేనని నాకు పన్నెండు రోజులుగా తెలుసు. యార్డులో నేను పక్కన నిలబడి నేర్పాను, ఒక్కసారీ ఎక్కలేదు. తేలికైన మనిషికోసం అంత లెక్కపెట్టి దించిన బండి మీద, ఆమెకు దాదాపు రెండింతలున్న బరువు తెచ్చి కూర్చోబెట్టాను. మేనమామ సైన్సుకు నేను నవ్వాను కదా. తేలికైనదాని మీద బరువు పెట్టినవాణ్ని చివరికి నేనే అయ్యాను.

ఆమె నా చేతిలోని పెట్టె తీసుకుని, చున్నీతో వెనక సీటుకు కట్టేసింది. "నువ్వు నడిచి రా అన్నా. తొందరేం లేదు" అన్నది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, పొరల మీద బండిని అటూ ఇటూ ఆడిస్తూ, వాగు దాటి, చెట్లలోకి పోయింది. అది రోడ్డు కాదు, వాగు; అవతల కాలిబాట; కాబట్టి నియమం తప్పలేదని నేను ఇప్పటికీ వాదిస్తాను. ఎవరూ అడగలేదు. అయినా వాదిస్తాను.

రెండు కిలోమీటర్లు కుంటుకుంటూ నడిచి దొడ్డి దగ్గరకు చేరేసరికి ఏడు దాటింది. మంద ఇంకా దొడ్డిలోనే ఉంది. ఆమె మోకాళ్ల మధ్య గొర్రెను బిగించి సూది వేస్తోంది. ముసలి కాపరి కట్టె మీద గడ్డం ఆనించి, ఒక కాలు ఇంకో మోకాలికి మడిచిపెట్టి, కొంగలా నిలబడి నన్ను చూశాడు.

"ఎవరమ్మా ఆ వచ్చేది?"

ఆమె తల ఎత్తలేదు. "అదా తాతా? బండి పోవాలని దించిన సామాను."

కాసేపటికి డాక్టరు ఫోన్ చేశాడు. ముసలాయన చేతికి ఇచ్చింది. "వచ్చింది సారూ. టైముకే వచ్చింది. పిల్లే తోలుకొచ్చింది బండి" అని గట్టిగా అరిచాడు. "ఇంకొకాయన గూడా వచ్చినాడు. ఆయన ఎందుకొచ్చినాడో మాకు తెలవదు."

ఫీల్డు ఆమెదయింది.

సోమవారం షోరూంకు వచ్చింది. ఈసారి తొమ్మిదిమంది రాలేదు. ఆమె, వాళ్ల నాయన, వద్దన్నా వచ్చిన మేనమామ. ఓనరు ముందు నిలబడి, "అన్నింటినీ పడేసి చూసినాకే కొంటా" అన్నది. ఓనరు నా వంక చూశాడు. నేను జరిగినదంతా, నా నడుముతో సహా, చెప్పాను. ఆయన పెద్ద మెకానిక్‌ను పిలిచాడు. షెడ్డు వెనక గోనెసంచులు నాలుగు వరసలు పరిచాం. ఓనరు చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మూడు బండ్లు పడుకోబెట్టింది. బరువైనది సగం లేచి ఆగిపోయింది. "అదిగో, చూసినారా బరువు!" అన్నాడు మేనమామ గర్వంగా. రెండోది లేచింది గానీ ఆమె ముఖం ఎర్రబడింది. మూడోది, నేను కోసి కుదించిన మోడలే, కానీ కోయనిది, కుదించనిది, ఒక్క ఊపున లేచింది. ఎక్కి కూర్చుంది. ఎడమకాలి మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. నా పట్టిక ప్రకారం సున్నా.

"రెండు పాదాలూ ఆనడం లేదు" అన్నాను. అలవాటు.

"రెండు ఎందుకన్నా? మా నాయన నలభై ఏండ్లు ఒంటికాలి మీద నిలబడే గొర్లు కాసినాడు."

వాళ్ల నాయన ఆ మాటకు సిగ్గుపడి, మడిచిపెట్టిన కాలు కిందికి దించాడు.

బండి బయటికి పోయేటప్పుడు ఓనరు నిమ్మకాయలు పెట్టాడు. పెద్ద మెకానిక్ టూల్‌బాక్సు దగ్గర కళ్లు మూసుకున్నాడు. లెక్కపెట్టాను. ఒకటే నిమిషం.

ఆ వారమే నా పట్టికలో ఇరవై నాలుగో అంశం చేర్చాను: పడితే లేపగలరా? తరువాత దాన్ని ఒకటో అంశంగా మార్చాను. ఇరవై ఐదు కూడా చేర్చాను: వెనక ఎవరు కూర్చుంటారు? మీరు షోరూంలో చేరాక పట్టిక తయారు చేసుకుంటే చేసుకోండి, నేను వద్దనను. కానీ కొనే మనిషి అడిగిన ప్రశ్న అందులో లేకపోతే, మార్చాల్సింది పట్టికను. కోసిన సీటు మాత్రం ఇప్పటికీ షోరూంలోనే ఉంది. బావ దాన్ని తన కుర్చీలో వేసుకున్నాడు. నడుముకు హాయిగా ఉందంటాడు.

నేను ఉద్యోగం మానేసే ముందు వారం ఆమె సర్వీసింగ్‌కు వచ్చింది. అప్పటికి బండి కొని మూడేళ్లు. ఫీల్డు ఇంకా ఆమెదే. లైసెన్సు చేతికొచ్చిన రోజే నాకు ఫొటో పంపింది, "ఇంక నువ్వు అక్కర్లేదన్నా" అని. బండి కుడి పక్కా, ఎడమ పక్కా సమానంగా గీసుకుపోయి ఉంది. ఎన్నిసార్లు పడిందని అడిగాను, పట్టికలో రాసుకోవడానికి.

టీకాల రిజిస్టరు తీసి చివరి పేజీ చూపించింది. తేదీలవారీగా రాసుకుంది. పడినవి ఒక వరస, లేపినవి ఒక వరస. రెండూ కూడి చూశాను, సరిపోలేదు. ఒకటి తేడా వచ్చింది.

"లెక్క తప్పింది" అన్నాను.

"తప్పలేదన్నా. కంభం రోడ్డులో ఒకనాడు మా మామ బండి ఒరిగిపోయి, ఆయన దానికింద ఉన్నాడు. ఆపొద్దుకు లేపేది తెలిసిపోయింది కదా, ఎంత బరువైనా. అది నాది కాదు గనక పడినకాడ రాయలేదు. లేపింది నేను గనక లేపినకాడ రాసినా."

"గాలి ఎక్కువుందా ఆ రోజు?"

"మామ అదే అన్నాడు."

పడినవి పదకొండు. లేపినవి పన్నెండు.